ఆగేదాకా పక్కనే

పేపరు కప్పుల్లో టీ పోయడం ఎవడు కనిపెట్టాడో గాని, రెండు గుక్కలకే అడుగు తేలుతుంది. మొన్న నరసరావుపేట బస్టాండులో కొట్టువాడితో ఇదే తగువు పెట్టుకుని ఉండగా అక్కయ్య ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ సారు పోయారు. నిద్దర్లోనే." మిగిలిన గుక్క కప్పులోనే చల్లారిపోయింది.

ఎనభైల్లో ఆయన మా కాలేజీలో జువాలజీ లెక్చరరు, నేను ల్యాబ్ అటెండరును. ఆయన భార్యనే నేను అక్కయ్య అనేవాణ్ణి. పీహెచ్‌డీ కోసం ఆయన అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండెలు బయటికి తీసి, అవి ఎలా కొట్టుకుంటాయో చూసేవారు. జొన్నగింజ కన్నా చిన్న గుండె. గాజు గిన్నెలో ఉప్పూ చక్కెరా కలిపిన వెచ్చటి నీళ్లు, సన్న గొట్టంలోంచి ఆక్సిజన్. ఒళ్లు లేకపోయినా గుండె తన పాటికి తను కొట్టుకుంటూ ఉండేది. ఆ ఎలుకల్ని సాకింది నేనే. ఊళ్లో నా పేరు ఎలకల మామ.

కరెంటు పోతే నీళ్లు చల్లబడి గుండె మందగించేది. వేణ్ణీళ్ల కోసం ఫ్లాస్కు పట్టుకుని టీకొట్టుకు పరిగెత్తేవాణ్ణి.

"ఏంది మామా, ఎలకలు ఇయ్యాల టీ అడిగినయ్యా?" అనేవాడు కొట్టువాడు.

"అడగబోయి, నీ టీ సంగతి గుర్తొచ్చి వేణ్ణీళ్లు చాలన్నయ్‌రా."

రీడింగులన్నీ రాసుకున్నాక కూడా సారు లేచేవారు కాదు. గుండె ఆగేదాకా అన్నం ముట్టకుండా పక్కనే కూర్చునేవారు.

"పనయిపోయింది గదా సార్, లెగండి."

"మన పని అయింది. దాని పని ఇంకా కాలేదయ్యా."

ఒక ఏడు ఆయనకు కడుపులో పుండు లేచింది. వేళకు తినకపోతే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. అక్కయ్య క్యారేజీ నా చేతిలో పెట్టి, "నా మాట ఎట్టాగూ వినరు. నువ్వేం జేస్తావో నాకు తెలవదు తమ్ముడూ, మజ్జాన్నానికి ముద్ద దిగాల" అంది.

మొన్న వెళ్లేసరికి ఆమె ఒకటే ఏడుపు. "ఎలకపిల్ల గుండెక్కూడా కాపలా కూర్చున్న మనిషి. ఆయన గుండె ఆగేటప్పుడు పక్కనే ఉండి నిద్రపోయా."

అప్పుడే ఆమెకు చెప్పాను, ఇన్నేళ్లూ దాచిన కొంటెపని. సారు రోజూ రెండు గుండెలు పెట్టేవారు. ఒకటి ముందే ఆగిపోయేది. ఆయన పుండు మానేదాకా రోజూ, చేతులు కడుక్కోడానికి అటు తిరగ్గానే, కొట్టుకుంటున్నదాన్ని తీసి ఆ చోట ఆగిన గిన్నె పెట్టేవాణ్ణి. ఆయన వచ్చి మైక్రోస్కోపులో చూసి, "పాపం, ఆగిందయ్యా" అని క్యారేజీ విప్పేవారు.

"దొంగసచ్చినోడా," అని అక్కయ్య ఏడుపులోనే నవ్వింది. "మరి ఆ రెండోది?"

అది బీరువా వెనక, వేణ్ణీళ్ల పళ్లెంలో ఉండేది. దాని పక్కన ఆయన బదులు నేను కూర్చునేవాణ్ణి. అవతల సారు పెరుగన్నం కలుపుకునే చప్పుడు. నా ముందు గిన్నెలో ఆ చిన్న గింజ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, మళ్లీ ముడుచుకుంటూ.