సోయి తప్పినా నోరు మూయని ఆమోసు

ఆమోసుకు సోయి తప్పిందంటే చాలు, ఇక నోరు మూతపడదు.

గోదావరిఖనిలో అంబులెన్సుల మీద పనిచేసేవాళ్ళకు ఏటా తరగతులు పెడతారు, చేతికొచ్చిన పని మరిచిపోకుండా. అక్కడ రోగిగా పడుకోవడానికి ఒక మనిషి కావాలి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఆమోసే ఆ మనిషి. ప్లాస్టిక్ బొమ్మ ఉంది కదా అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది.

“బొమ్మకేం తెలుసు బిడ్డా సచ్చుడు? నేను గుండెపోటుతోని పోయిన, కరెంటు కొట్టి పోయిన, బాయిల కప్పు కూలి పోయిన. ఈ ఖనిల నా అంత మంచిగ సచ్చినోడు ఎవడన్న ఉన్నడా?”

ఊరి బడిలో చదివింది అయిదు. అయినా బొగ్గుబాయి సేఫ్టీ వారోత్సవాల్లో ప్రథమ చికిత్స పోటీల కప్పు ఎత్తుకొచ్చిన చెయ్యి ఆయనది. ఆ సంగతి స్ట్రెచర్ ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి చెప్పేవాడు. మధ్యలో స్పృహ లేనట్టు పడుకున్నప్పుడు కూడా చెప్పేవాడు.

“కాకా! మీకిప్పుడు సోయి లేదు!” అని తరగతి చెప్పే సంధ్యారాణి మేడం కేకేసేది.

“సోయి లేదు మేడం, చెవులున్నయ్ గద! చెప్పకుంట కాలు లేపుతరా? నేనేమన్న బొగ్గు బస్తానా?”

నిజానికి ఆ తరగతులే ఆయనకు పండగ. భార్య సుగుణమణి పోయినప్పటి నుంచి ఆయన గదిలో కూత పెట్టేది కుక్కర్ ఒక్కటే. ఆదివారం చర్చిలో అందరూ వందనాలు చెప్పేవారు, చెప్పి తమ చెప్పులు వెతుక్కునేవారు. షేర్ ఆటోలో పక్కవాళ్ళు ఫోన్లలో తలలు దూర్చేవారు. తరగతిలో మాత్రం ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, “ఎక్కడ నొస్తుంది కాకా?” అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. కడుపునొప్పి కేసైనా సరే, జవాబు మోకాలి దగ్గర మొదలుపెట్టి సుగుణమణి చేపల పులుసు దాకా తీసుకెళ్ళేవాడు. మేడం ఈల ఊదితేగానీ ఆగేవాడు కాదు.

అంబులెన్సులో పనిచేసే ఆస్మా ఆయనకు పూర్తిగా తలకిందులు. చేతులు చకచకా ఆడేవి, నోటికి మాత్రం తాళం. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయనతో ‘ఊపిరి వదులుండ్రి’ అనబోయి, ‘ప్రాణం వదులుండ్రి’ అంది. చుట్టాలు కొట్టినంత పని చేశారు, డ్రైవరు నెల్లాళ్ళు నవ్వాడు. ఇక ఆమె రోగులతో మాట్లాడటమే మానేసింది.

ఆమె వంతు వస్తే ఆమె మాటా తన మాటా రెండూ ఆమోసే చెప్పేసేవాడు. “కాకా, నేను ఆస్మాను. సరే బిడ్డా. మీ చెయ్యి లేపుతున్న కాకా. లేపు బిడ్డా, ఫికర్ లేదు.” తరగతి పగలబడి నవ్వేది. ఆ నవ్వులో ఆస్మా మౌనం ఎవరికీ వినిపించేది కాదు.

మేడం చెవులు మాత్రం మహా పదును. “పరీక్షల గూడ నోరు తెరవకుంటే అంబులెన్సు డ్యూటీ తీసేస్తరు ఆస్మా. స్టోర్ల కూసోబెడ్తరు,” అంది. తర్వాత చాయ్ దగ్గర ఆమోసును పక్కకు పిలిచింది. “మీరు మాట్లాడినంత సేపు ఆ పిల్ల మాట్లాడదు కాకా.”

ఆమోసు చాయ్ చల్లారిపోయింది.

సుగుణమణిని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. ఆ దారిలో ఆమె కళ్ళు తెరవలేదు. అయినా అంబులెన్సులో రాజం అనే అబ్బాయి, “అవ్వా, బసంత్‌నగర్ దాటినం... పెద్దపల్లి వచ్చింది,” అని చెబుతూనే పోయాడు. ఊరూరికీ ఆమె ఆమోసు వేలు నొక్కింది. ఈ కథ తరగతిలో అందరికీ కంఠతా వచ్చు. ప్రతిసారీ చెప్పింది స్ట్రెచర్ మీద సోయి లేకుండా పడుకున్న ఆమోసే.

పరీక్షలో ఆస్మాకు సోయి తప్పిన కేసే వచ్చింది. ఆమోసు పడుకున్నాడు. ఆమె భుజం తట్టింది. పలుకు లేదు. కాలు సరిచేసింది. బొగ్గు బస్తా ఊసు లేదు, పోటీల కప్పు ఊసూ లేదు. నవ్వడానికి నోళ్ళు తెరిచినవాళ్ళు అలాగే ఉండిపోయారు. నాలుక పళ్ళ మధ్య బిగపట్టి ఆయన పడుతున్న యాతన బాయిలో దిగిననాడూ పడలేదు.

“కాకా?” అంది ఆస్మా. నిజంగానే సోయి తప్పిందనుకుంది. “యా అల్లా! కాకా, నేను ఆస్మా! వినవడ్తుందా? చెయ్యి పట్టుకుంటున్న. పక్కకు తిప్పుతున్న, భయపడకుండ్రి. ప్రాణం... కాదు కాదు, ఊపిరి! మంచిగనే ఆడుతుంది మీ ఊపిరి! దవాఖానకు పోతున్నం. బసంత్‌నగర్ దాటినం కాకా!”

స్ట్రెచర్ ఇంకా గడప కూడా దాటలేదు. తరగతంతా గొల్లున నవ్వింది. ఆస్మా ఆగలేదు. “పెద్దపల్లి వచ్చింది!” అంది.

ఆమోసు నోరు విప్పలేదు. ఆమె వేలు మాత్రం నొక్కాడు.

“పాస్!” అంది మేడం. చప్పట్లు మోగాయి. ఆమోసు లేవలేదు. “అయిపోయింది కాకా, లేవుండ్రి,” అన్నారు. కదల్లేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఆస్మా గబగబా మోకాళ్ళ మీద కూర్చుని వంగింది.

“కాకా, ఎక్కడ నొస్తుంది?”

ఒక కన్ను తెరుచుకుంది.

“మోకాలి కాన్నుంచి షురూ చేస్త. కుర్చీ తెచ్చుకో బిడ్డా.”

ఆస్మా కుర్చీ తెచ్చుకుంది. మేడం ఈల తీసి సంచిలో వేసుకుంది.