చెప్పుల కాపలా

కార్తీక పున్నమి తెల్లవారుజామున లంజిపల్లి నుంచి మా ఇంటిల్లిపాదీ ఆటోలో గోపాల్‌పూర్ వెళ్తాం. అరటి దొప్పలతో చేసిన పడవల్లో దీపం, తాంబూలం పెట్టి సముద్రంలో వదులుతాం. ఆటో దిగగానే మా మేనత్త వేలు నావైపే తిరిగేది.

“నువ్వు సెప్పుల కాడ కూకోయే. నీ పడవ నాను ఒగ్గీసొత్తాను.”

అంతమందిలో ఆ వేలికి నేనే ఎందుకు కనిపించేదాన్నో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చినా ఆ కాపలా తప్పలేదు. చివరికి ఓ ఏడాది నా పడవ ఇవ్వనన్నాను.

“మరి సెప్పులెవులు సూత్తారే?”

“నువ్వే సూడత్తా. ఈ ఏడు నాను ఎల్తాను.”

అత్త మూతి తిప్పుకుని ఇసుకలో చతికిలబడింది. నేను వదిలిన పడవను అల తెచ్చి నా కాళ్ల మీదే పడేసింది. మళ్లీ వదిలితే మళ్లీ వచ్చింది. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తే. అంతలో ఒడ్డు నుంచి అత్త అరిచింది.

“వచ్చే అల మీద కాదే మొద్దూ! ఎనక్కెల్లే నీటి మీద ఒగ్గు!”

నీరు వెనక్కి లాగేదాకా ఆగి వదిలాను. పడవ వెళ్లిపోయింది. గర్వంగా తిరిగొస్తే అత్త, “దీపం ఆరిపోనాదిలే” అంది. అంతకుమించి ఒక్క మెచ్చుకోలు లేదు.

నిరుడు మాత్రం ఆటో దిగగానే తనే చెప్పులన్నీ పోగేసుకుని కూర్చుంది. తన పడవ నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ల నా కాపలా ఊసే ఎత్తలేదు. అయినా రెండు పడవలూ పట్టుకుని హాయిగా అలల్లోకి నడిచాను. వెనకనుంచి కేక వినబడింది.

“నీదాని కన్నా ముందు నాదే ఒగ్గాల!”