ప్రయానో దాటాక మూడో మలుపు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినపడిందని మొదలుపెడితే, "ఎన్ని గంటలకి? ఎంత దూరం నుంచి? అప్పుడు మీరు కళ్ళజోడు పెట్టుకున్నారా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎక్కడా రంగులు పూయను.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ నాన్నా. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే చుట్టాలు కూడా అడిగి అడిగి అలిసిపోయారు. నాన్న బస్సు డ్రైవరు. తెనాలి నుంచి రేపల్లె, తెనాలి నుంచి బాపట్ల, ఈ రెండు రూట్ల మీదే ఆయన సర్వీసంతా గడిచిపోయింది.

ఇటలీ పిచ్చి నాకు మా స్కూలు సైన్సు టీచరు వల్ల పట్టుకుంది. ఆవిడ గుంపుతో కలిసి యూరప్ వెళ్ళొచ్చి, ఆరు నెలలపాటు ఫొటోలు చూపించి మా అందరి ప్రాణం తీసింది. వాటిలో ఒక్కటే నాకు నచ్చింది. కొండ అంచున సన్నటి రోడ్డు, కిందే సముద్రం. అక్కడ వాళ్ళ బస్సు పావుగంట కూడా ఆగలేదట. నాకు ఒళ్ళు మండింది. అలాంటి చోటికి కారు నేనే నడుపుకుంటూ, నాకు నచ్చిన చోట నేనే ఆగుతూ వెళ్ళాలనిపించింది.

మనకీ సముద్రం ఉంది, కాదనను. కానీ బాపట్ల నుంచి రేపల్లె దాకా ఎన్నిసార్లు వెళ్ళినా రోడ్డు మీంచి మాత్రం అది కనపడదు. వరిపొలాలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, అంతే. పక్కనే ఎక్కడో ఉందని గాలిని బట్టి తెలుస్తుంది.

నలభై ఆరేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని పాత కారొకటి కొన్నాను. ఆదివారం చర్చి అవగానే నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని బాపట్ల దాకా వెళ్ళి వచ్చేదాన్ని. ఆయన నోరు విప్పి ఒక్క మాట అనేవాడు కాదు. కుడికాలు మాత్రం దారి పొడుగునా లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేది.

తర్వాత నాన్నకి పక్షవాతం కొద్దిగా తగిలింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ, మతిలో రోజులన్నీ కలిసిపోయాయి. ఒకసారి డ్యూటీకి టైమైందని చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఒకసారి నన్ను స్కూల్లో దింపాలనేవాడు. ఆయన్ని వదిలి వెళ్ళడం జరగదని నాకు తెలుసు. అయినా ప్లాను వేసుకోవడం మానలేదు. నిజం చెప్పాలంటే, వెళ్ళడం కన్నా ఆ ప్లానే నాకు ఎక్కువైపోయింది.

సాయంత్రం బడి నుంచి వచ్చాక ల్యాప్‌టాప్ కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మ్యాపులో ఏదైనా రోడ్డు మీద నొక్కితే ఆ రోడ్డు ఫొటోలు వస్తాయి కదా. ఎప్పుడో కెమెరా పెట్టిన కారు తిరిగి తీసినవి. బాణం గుర్తు నొక్కుతూ పోతే మనమే నడిపినట్టు రోడ్డు ముందుకి జరుగుతుంది. మనుషుల మొహాలు మాత్రం గుర్తుపట్టకుండా అలికేసి ఉంటాయి. కింద మూలన అది ఏ సంవత్సరం ఏ నెలలో తీశారో రాసి ఉంటుంది. సైన్సు టీచరు ఫొటోలోని ఇటలీ రోడ్డే నా దారి, సొరెంటో నుంచి బయల్దేరి పోసిటానో, ప్రయానో, అమాల్ఫీ, అక్కడి నుంచి కొండ మీది పల్లెటూళ్ళు. ఆ దారిలో నేను ఎన్ని వందలసార్లు వెళ్ళానో లెక్కలేదు. భయంగా అనిపించిన మలుపులన్నిటినీ తెనాలిలో రంగు ప్రింట్లు తీయించి ఫైల్లో పెట్టుకున్నాను.

నాన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు.

"రాంగ్ సైడు పోతన్నావమ్మా," అన్నాడు మొదటిరోజే.

"అక్కడంతే నాన్నా. కుడివైపే నడపాలి."

"ఎవడు పెట్టాడంట ఆ రూలు?"

మెల్లగా అలవాటుపడ్డాడు. బస్సు వస్తే పక్కకి తీయమనేవాడు, సొరంగం దగ్గర లైట్లు వేయమనేవాడు. ఆ సాయంత్రాలు మా ఇద్దరికీ బాగుండేవి.

ప్రయానో దాటాక మూడో మలుపులో కుడివైపు నడుమెత్తు గోడ, దాని పక్కన బస్సు ఆగే చోటని చెప్పే స్తంభం, నీలం బోర్డు ఉంటాయి. గోడ అవతల సముద్రం. అక్కడికి రాగానే ఒకరోజు నాన్న, "ఆపమ్మా, పెద్దాయన చెయ్యెత్తాడు," అన్నాడు.

చూశాను. ఎవరూ లేరు.

"ఎవరు నాన్నా?"

"తెల్ల చొక్కా. చేతిలో సంచుంది. ఎక్కనీ."

ఒక్క క్షణం ఆగి, "ఎక్కాడా?" అన్నాను. "ఆఁ, పోనీ," అన్నాడు. ఇక అక్కడికి వచ్చినప్పుడల్లా అదే మాట, అదే ఆగడం. ముసలాయన సరదా అనుకుని నేనూ ఆపుతూ వచ్చాను.

ఒకరోజు స్కూల్లో హెడ్మాస్టరుతో గొడవపడి వచ్చాను. తల పగిలిపోతోంది. ఆ మలుపు దగ్గర ఆపకుండా నొక్కుకుంటూ పోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఆపమన్నానా! మనిషి నిలబడ్డాడు!" అని అరిచాడు. నేనూ అరిచాను. "బండి నిండిపోయింది నాన్నా! వెనకాల ఖాళీ బస్సొస్తంది, దాంట్లో ఎక్కుతాడ్లే!"

మా వైపు బస్సెక్కేవాళ్ళందరికీ ఈ మాట తెలుసు. బండి కిక్కిరిసి ఉన్నప్పుడు స్టేజీలో నిలబడ్డవాళ్ళని వదిలేసి పోవడానికి చెప్పే అబద్ధం అది. వెనకాల ఏ బస్సూ రాదు. పిల్లల్నీ మూటల్నీ పట్టుకుని జనం ఎండలో అలా ఎదురుచూస్తూనే ఉంటారు. తన కండక్టరు రత్నం బాబాయి ఒకసారి ఆ మాట అన్నందుకు నాన్న ఆయనతో ఆరు నెలలు మాట్లాడటం మానేశాడు.

నాన్న నా చెయ్యి వదిలేశాడు. నా మొహంలోకి చూశాడు. ఆ ఒక్క నిమిషం ఆయన మతి పూర్తిగా కుదురుగా ఉంది.

"ఆ మాట నేనెప్పుడూ అన్లేదమ్మా," అన్నాడు.

లేచి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా కంప్యూటర్ దగ్గరికి రాలేదు. "నువ్వెళ్ళమ్మా," అనేవాడు. తప్పయిందని చెప్పాలనుకున్నాను. ఆయనకి గుర్తుండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఊరుకున్నాను. మూడు వారాలకి, నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా, వరండాలో కుర్చీలోనే పోయాడు. పక్కింటావిడ ఫోను చేసింది.

సమాధి కార్యక్రమం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. ఇంటికి తాళం తీసి లోపలికి వెళ్ళి, వండుకుని, తిని, పడుకునేదాన్ని. సెలవు రోజుల్లో సాయంత్రం దాకా ఒక్కమాట కూడా మాట్లాడలేదని గమనించి, పాలవాడితో కావాలని నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేదాన్ని. ఇటలీకి వెళ్ళొద్దనే కారణం ఇంట్లో ఏదీ మిగల్లేదు. కానీ ఆ కంప్యూటర్ తెరవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. సొరెంటో నుంచి బయల్దేరాను. ప్రయానో దాటాను. మూడో మలుపులో, నీలం బోర్డు కింద మనిషి నిలబడి ఉన్నాడు.

తెల్ల చొక్కా. మట్టిరంగు ప్యాంటు. ఎడమచేతిలో గుడ్డ సంచి. కుడిచెయ్యి రోడ్డు మీదికి చాచి ఉంది, మనం బస్సుని ఆపేటప్పుడు చాచినట్టు. మొహం అలికేసి ఉంది.

నాన్న ఇంట్లో తెల్ల చొక్కా, పాత ఖాకీ ప్యాంటు వేసుకునేవాడు. అలాగని ఆ మనిషి నాన్నేనని నేను అనడం లేదు. ఇటలీలో ముసలాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకోరా? సంచులు పట్టుకోరా? నాకు చెమటలు పట్టింది అందుకు కాదు. నా ఫైలు తీసి ఆ మలుపు ప్రింటు పక్కన పెట్టి చూశాను. అదే స్తంభం, అదే నీడ, ఫ్రేములోకి సగమే వచ్చిన అదే తెల్ల స్కూటరు. మూలన అదే నెల, అదే సంవత్సరం. ప్రింటులో స్తంభం కింద ఎవరూ లేరు.

ఒక బాణం ముందుకీ ఒకటి వెనక్కీ జరిగి చూశాను. పక్క ఫొటోల్లోనూ అతను లేడు. మర్నాడు మా స్కూలు కంప్యూటర్ సారుకి చూపించాను. కుర్రాడు తెలివైనవాడు, అడిగినదానికల్లా ఏదో ఒకటి చెబుతాడు. ప్రింటునీ స్క్రీనునీ మూడుసార్లు మార్చి మార్చి చూసి, "ఏమోనండి మేడం. ఫొటో మారిస్తే నీడ కూడా మారాలి కదండీ," అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం కంప్యూటర్ని కారులో పెట్టుకుని రేపల్లె వెళ్ళాను, రత్నం బాబాయి దగ్గరికి. నాన్నతో పదకొండేళ్ళు ఒకే బండిలో తిరిగిన మనిషి. ఆయన నడకని, నిలబడే తీరుని నాకన్నా ఎక్కువ చూసినవాడు. ఫొటో తెరిచి, "చూడు బాబాయ్, నాన్నేనా?" అని అడిగాను. అడిగాక ఆగలేకపోయాను. నేనన్న మాట, నాన్న లేచి వెళ్ళిపోవడం, నేను తప్పయిందని చెప్పకపోవడం, అన్నీ చెప్పేశాను. సమాధి దగ్గర రాని ఏడుపు అక్కడ వచ్చింది.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"మొహం చూసి ఆపుతామా అమ్మా?" అన్నాడు. "చెయ్యెత్తితే ఆపుతాం."

అతను ఎవరో నాకు తెలియదు. ముందు లేనివాడు తర్వాత ఎలా వచ్చాడో, నాన్నకి అంతకుముందే ఎలా కనిపించాడో తెలియదు. ఎన్ని విధాలుగా ఆలోచించినా తేలలేదు. ఇప్పటికీ రోజూ చూస్తున్నాను, ఉన్నాడు.

వీసా వచ్చింది. వేసవి సెలవుల్లో బయల్దేరుతున్నాను, ఒక్కదాన్నే. ఆ మలుపు దగ్గర కారు ఆపడానికి చోటు లేదు. రోడ్డు ఇరుకు, వెనక వచ్చే బండ్లకి దారి ఉండదు, ఆపకూడదు కూడా. అయినా ఆపుతాను. అక్కడ ఎవరూ లేకపోయినా సరే, అక్కడి కార్లలో పక్కసీటు ఉండే కుడివైపు తలుపు తీసి, ఒక మనిషి తీరిగ్గా ఎక్కి కూర్చునేంతసేపు ఆగుతాను. వెనకవాళ్ళు ఎంత హారన్ కొట్టుకుంటారో కొట్టుకోనీ.