గోడలో మనిషి

ఇంగ్లండులో చిన్నాచితకా క్లబ్బులకు పద్నాలుగేళ్లు డిఫెండరుగా ఆడి, రెండుసార్లు ముక్కు విరగ్గొట్టుకున్న క్లిఫర్డ్ పందొమ్మిదివందల డెబ్బై తొమ్మిదిలో గల్ఫ్‌లోని అజ్మాన్‌లో ఒక క్లబ్బుకు కోచ్‌గా వచ్చాడు. రోజూ సాయంత్రం మోకాలికి పట్టీ బిగించుకుని, మైదానంలో ఇసుక చదునుచేసే కరీంనగర్ కూలీలను ఫ్రీకిక్కుల సాధన కోసం గోల్ ముందు గోడలా నిలబెట్టేవాడు. అతనికొచ్చిన హిందీ ఒక్క ముక్కే: "మూ మత్ ఘుమావ్." మొహం తిప్పొద్దని. ఒకనాడు బంతి తగిలి ఆ కూలీల్లో ఒకడైన ఆశన్న పన్ను ఊడింది. గోల్ పడనందుకు క్లిఫర్డ్ చప్పట్లు కొట్టాడు.

"ఈయన గూడ గిట్లనే దెబ్బలు తిన్నోడట గదనే," అన్నాడు పక్కనున్న రాజలింగం.

"తిన్నడు గాబట్టే," అని ఆశన్న నెత్తురు ఉమ్మేశాడు.

వరసగా అయిదు ఆటలు ఓడేసరికి క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, కొత్త కోచ్‌ను తెచ్చాడు. క్లిఫర్డ్‌కు ఉద్యోగం ఖలాస్ అని చెప్పాడు గానీ, పాస్‌పోర్టు నెలాఖరుకే ఇస్తానన్నాడు, అందాకా ఊరికే కూర్చోవద్దన్నాడు. మర్నాడు గోడలో ఒక మనిషి తక్కువయ్యాడు. క్లిఫర్డ్ పట్టీ బిగించుకుని వచ్చి ఆశన్న పక్కన నిలబడ్డాడు. విజిల్ వినగానే అతని మెడ దానంతటదే పక్కకు తిరిగింది. ఆశన్న ఆ గడ్డం పట్టుకుని, మెల్లగా, బంతికి ఎదురుగా తిప్పాడు.

"మూ మత్ ఘుమావ్, సాబ్."