గరుడ పక్షికి పెట్టిన చేప

అటవీ శాఖలో నా ఆఖరి పోస్టింగు చీపురుపల్లి వైపు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. చదువు ఐదో తరగతే కాబట్టి వాచరుగానే ఉండిపోయాను; నా పైన బీటు ఆఫీసరు, ఆయన పైన ఇంకెందరో. కానీ దెబ్బ తగిలిన గద్ద, డేగ ఎక్కడ దొరికినా కబురు నాకే వచ్చేది. పట్టుకోవడం, పశువుల డాక్టరుకు చేర్చడం, మానాక ఎగరేయడం నా పని.

ఆ వేసవిలో రామతీర్థం నుంచి ఫోను వచ్చింది. గుడికి తరతరాలుగా పూలమాలలు కట్టే ఇంటి పెద్దావిడ సీతమ్మగారు, గాలిపటం దారానికి రెక్క తెగిన గరుడ పక్షిని వారం రోజులుగా సాకుతున్నారట. వెళ్లి చూస్తే గాయం మానుతోంది. పక్షి మాత్రం మూల కూర్చుని తూలుతోంది.

"ఏటి పెడతన్నారమ్మా?"

"పాలన్నం. ఏకాదశినాడు మాతోపాటు ఉపాసం."

రొమ్ము ఎముక తడిమితే పక్షి చిక్కిందో లేదో తెలుస్తుంది. కండ ఉంటే చేతికి గుండ్రంగా తగలాలి. ఇది కొడవలి వాదరలా తగిలింది.

"ఇది నీసు తినే పక్షమ్మా."

"సామి వాహనానికి నీసా? నా ఇంట్లో ఆ మాట అనకు నాయినా."

"వాహనమైతే మాత్రం, పెట్రోలు మానేసి పాలు పోస్తే నడుస్తాదేటి?"

అరుగు దగ్గర చేరినవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఊపొచ్చింది. సంచిలోంచి చేప తీసి, వీధిలోనే ముక్కలు కోసి పెట్టాను. పక్షి ఆబగా మింగింది. "సూసినారా?" అన్నాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

దారిలోనే పక్షి కక్కింది. డాక్టరు దగ్గరకు చేరిన కాసేపటికి చచ్చిపోయింది. ఆయన ఒక్కటే అడిగారు, ముందు నీళ్లు పట్టావా అని. పట్టలేదు. అంతగా ఆకలికి మాడిన పక్షికి మొదట గోరువెచ్చని ఓఆర్‌ఎస్ నీళ్లే పట్టాలి. కాస్త తేరుకున్నాకే చిన్న చిన్న మాంసం ముక్కలు. లేకపోతే ఆ తిండే దాన్ని చంపుతుంది. ఇది నాకు తెలుసు, ఎన్నోసార్లు చేశాను కూడా. నలుగురి ముందు గెలవాలన్న తొందరలో మానేశాను.

బీటు ఆఫీసరు కాగితం మీద "నీరసం వల్ల మృతి" అని రాశారు. అది చాలదనిపించి, మర్నాడు సీతమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మాల కడుతూనే విన్నారు.

"నాను తెలీక పెట్టినాను. నువ్వు తెలిసి పెట్టినావు," అన్నారు. మజ్జిగ ఇచ్చారు గానీ కూర్చోమనలేదు.

తర్వాత రాజాం వైపు బడుల్లో పక్షుల గురించి చెప్పడానికి పంపినప్పుడల్లా ఆవిడ పాలన్నంతోపాటు నా చేప సంగతీ చెప్పాను. పక్షి చేతిలో ఉన్నప్పుడు మనుషులకు పాఠాలు చెప్పకూడదు. పాఠానికి మర్నాడైనా వెళ్లొచ్చు.