శాస్త్రిగారి అన్నానికి కర్త

మనవడా, పురాణం చెప్పే శాస్త్రిగారు మీ అవ్వను వాదంలో ఓడించారని రాశావు. అది తప్పు. సృష్టికి కర్త ఉండి తీరాలని ఆయనంటే, ఆ కర్తకు కర్త ఎవరని అడిగాను. "నీకెందుకమ్మా, పోయి పొయ్యి చూసుకో" అన్నారు. సభంతా నవ్వింది.

ఈ రోజు మధ్యాహ్నం ఆయనే మనింటికి భోజనానికొచ్చి పీట మీద కూర్చున్నారు. పొయ్యి చల్లగా ఉంది.

"వంట కాలేదా తల్లీ?"

"పొయ్యినే చూస్తా ఉండాను స్వామీ. కర్త లేకుండా దేవుడున్నట్టు అన్నం కూడా వస్తాదేమోనని."

"కర్త లేకుండా అన్నం యాడ ఉడుకుతాది?"

"ఆ కర్తనే కదా పదిమందిలో నవ్వులపాలు చేస్తిరి! ఈ పూట ఆమెకు ఉపవాసం."

ఆకలితోనే సత్రానికి వెళ్ళారు. నాకు జాలి కలగలేదు; నీకు కలిగితే రాయి. వచ్చే వారం చిత్తూరులో ఆయన భోజనం మీ ఇంట్లోనేనట. అరటాకు ఒకటి తెచ్చి వేయి. బియ్యం మాత్రం కడగొద్దని, అన్నం దానంతటదే వస్తాదేమో చూద్దామని మీ ఆవిడతో చెప్పు.