అల్వాల్ ఇంట్లో బుగత గిన్నె

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం. ముప్పై మూడేళ్ళు సికిందరాబాదులో రైల్వే ఆఫీసులో, టైం టేబుల్ విభాగంలో పనిచేశాను. ఏ బండి ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగుతుందో సరిచూడటం నా పని. ఒక్క నిమిషం తేడా వచ్చినా కాగితం వెనక్కి పంపేదాన్ని. నోటితో చెప్పిన మాటకన్నా రాసిపెట్టుకున్న మాట గట్టిదని నా నమ్మకం. ఇక్కడ రాస్తున్నవన్నీ అప్పట్లో ఏ రోజువి ఆ రోజు డైరీలో రాసుకున్నవే.

ఇంకొక మాట. ఇందులో ఎవరూ చనిపోలేదు. చనిపోయి ఉంటే దయ్యం అని ఒక పేరైనా పెట్టుకునేదాన్నేమో.

అల్వాల్, యాప్రాల్ వైపు ఖాళీ జాగాలన్నీ అపార్ట్‌మెంట్లు అవుతున్న కాలం అది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కుర్రకారు అద్దెలకి ఎగబడుతున్నారు. మా ఇంటికి అటూ ఇటూ అయిదంతస్తులు లేచాయి. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీ ఇంజనీరు. సర్వీసులో ఉండగా రెండేళ్ళు మారిషస్‌లో పనిచేసి వచ్చారు. రిటైరయ్యాక అక్కడే ఉండాలని అప్పట్నుంచీ ఆయన కోరిక. సముద్రం కావాలంటే భీమిలి లేదా అని మావాళ్ళందరూ అడిగారు. నేనూ అడిగాను.

"భీమిలిలో చుట్టాలున్నారే," అన్నారాయన.

మాకు పిల్లలు లేరు. వెంట తీసుకెళ్ళాల్సింది బుగత ఒక్కడే.

బుగత మా కుక్క. మా శ్రీకాకుళం వైపు ఊళ్ళో భూములున్న పెద్దమనిషిని బుగత అంటారు. గడపకి అడ్డంగా, ఎవరొచ్చినా లేవకుండా పడుకునే తీరు చూసి మా ఆయన పెట్టిన పేరు అది. గోధుమరంగు ఊరకుక్క. వయసు ఎనిమిదేళ్ళు, బరువు పదిహేడు కిలోల నాలుగు వందల గ్రాములు. పిల్లగా ఉన్నప్పుడు ఎడమ పెదవి చిరిగింది. నీళ్ళు తాగితే ఆ పక్కనుంచి కారిపోయేవి. గిన్నెకి ఎడమ పక్క నేల ఎప్పుడూ తడే.

వాడికి ఒక పట్టుదల ఉండేది. మా ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. బోరు నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. సర్కారు పైపులో వచ్చే మంజీరా నది నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారి అయిదూ నలభైకి వస్తాయి. కుళాయి అనే మాట మరిచిపోయి నేను కూడా నల్లా అనడం ఎప్పుడో మొదలుపెట్టాను. ఆ నల్లా గుంటలోనే బుగత మాకు పిల్లగా దొరికాడు. బోరు నీళ్ళు పోస్తే వాసన చూసి మొహం తిప్పుకునేవాడు. ఎండాకాలంలో సైతం ముట్టేవాడు కాదు. అందుకని నల్లా రాగానే నేను మొదట నింపేది బిందె కాదు, వాడి గిన్నె. ఎనిమిదేళ్ళ అలవాటు.

ఆ దేశానికి కుక్కని తీసుకెళ్ళాలంటే రక్తపరీక్షలు, టీకాల కాగితాలు, ఆ పైన అక్కడి పశువుల ఆసుపత్రిలో విడిగా ముప్పై రోజులు. అన్నీ అయ్యాయి. మా ఆయన, బుగత ముందు వెళ్ళారు. నా పెన్షన్ కాగితాలు ఇంకా పూర్తికాలేదు. ఇల్లు బిల్డరుకి అప్పగించాలి. వాళ్ళు వెళ్ళిన రోజుని ఒకటిగా లెక్కపెట్టి, ఇరవై ఒకటో రోజున తాళాలు ఇస్తానని మాటిచ్చాను.

మూడో రోజున నల్లా వచ్చింది. నిద్రమత్తులో వెళ్ళి అలవాటు కొద్దీ బుగత గిన్నె నింపేశాను. నింపాక నవ్వొచ్చింది. కాసేపు బెంగ కూడా వేసింది. పారబొయ్యకుండా అలాగే వదిలేశాను.

నాలుగో రోజు పొద్దున మా పనిమనిషి యాదమ్మ వెనక వసారా తుడుస్తూ పిలిచింది.

"అమ్మా, బుగ్గయ్యను సారు తీస్కపోయిండు గద. మల్ల గీ గిన్నెల నీళ్ళు ఎవరు తాగుతున్రు? నేనైతే తాగలే."

ఆమె నోట వాడు మొదట్నుంచీ బుగ్గయ్యే. గిన్నెలో నీళ్ళు సగానికి పైగా తగ్గాయి. ఎడమ పక్క నేల తడిగా ఉంది.

పిల్లి తాగిందనుకున్నాను. కానీ ఆ వసారాకి నేలనుంచి కప్పుదాకా గ్రిల్లు, గ్రిల్లుకి దోమల జాలీ. చీకటి పడగానే తాళం వేసేదాన్ని. తాళంచెవి నా దిండుకింద ఉండేది.

అయిదో రోజునుంచి కొలవడం మొదలుపెట్టాను. ఒకే రకం స్టీలు గిన్నెలు రెండు పెట్టి, రెంటిలోనూ మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసుతో సరిగ్గా లీటరు చొప్పున మంజీరా నీళ్ళు పోశాను. ఒకటి బుగత చోట, రెండోది నాలుగడుగుల దూరంలో కిటికీ కింద. రెండింటి చుట్టూ ముగ్గుపిండి పల్చగా చల్లాను. బియ్యప్పిండి అయితే చీమలొస్తాయని రాతిముగ్గే వాడాను. మర్నాడు కిటికీ కింద గిన్నెలో ఇరవై మిల్లీలీటర్లు తగ్గాయి. అది ఆవిరి. బుగత గిన్నెలో ఏడు వందల ఇరవై తగ్గాయి. ముగ్గు మీద పిల్లి అడుగు లేదు, ఎలుక అడుగు లేదు, ఏ అడుగూ లేదు. ఎడమ పక్క మాత్రం చుక్కలు పడి పిండి ముద్దకట్టింది.

మూడు రోజులు తెల్లవారి అయిదింటికే ముక్కాలిపీట వేసుకుని గిన్నె ఎదురుగా కూర్చున్నాను. చూస్తున్నంతసేపూ నీళ్ళు కదల్లేదు. రెండో రోజున నల్లా కట్టెయ్యడానికి ముందువైపు వెళ్ళి నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చాను. గిన్నె సగమైంది. మిగిలిన నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.

భయపడ్డావా అని తరవాత చాలామంది అడిగారు. లేదు. వింతగా ఉండేది, అంతే. నిజం చెప్పాలంటే ఇంట్లో తోడున్నట్టే ఉండేది.

పదో రోజున మా ఆయన ఫోన్ చేశారు. గొంతు బాగోలేదు.

"ఏమేవ్, వీడు వచ్చినకాణ్ణించి చుక్క నీళ్ళు ముట్టలేదుటే. తిండి తింటున్నాడు. నీళ్ళు మాత్రం వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాడుట."

"పది రోజులు నీళ్ళు లేకుండా ఎలా ఉంటాడండీ?"

"అదే డాక్టరుకీ అర్థం కావటం లేదు. నాలిక తడిగానే ఉందిట, ఒంటికీ మామూలుగానే పోస్తున్నాడుట. ఇంకోటి విను. తెల్లారగట్ల అయిదింటికి మొదటి రౌండుకి వెళ్ళే నర్సు రోజూ అడుగుతోందిట, వీడికి నీళ్ళెవరు పట్టారూ, గిన్నె నిండుగా ఉంది, మూతి మాత్రం తడిసిపోయి ఉందీ అని."

అక్కడి గడియారం మన గడియారానికి గంటన్నర వెనక. నేను లెక్క చూసుకున్నాను. మా వసారాలో నీళ్ళు తగ్గాక గంటలోపు ఆమె మొదటి రౌండు. ఆయనకి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఇంకా ఆధారం చాలదనుకున్నాను.

ఆ ఆధారం కోసమే తప్పు చేశాను. పదిహేనో రోజూ పదహారో రోజూ బుగత గిన్నెలో కావాలని బోరు నీళ్ళు పోశాను. మంజీరా నీళ్ళయితే తగ్గి, బోరు నీళ్ళయితే తగ్గకపోతే సంగతి తేలిపోతుంది కదా అని. రెండు రోజులూ గిన్నెలో ఆవిరి పోయినంతే తగ్గింది. ఇరవై మిల్లీలీటర్లు ఒకరోజు, పద్దెనిమిది ఒకరోజు. కాగితం మీద అంకెలు చక్కగా కుదిరాయని సంతోషించాను కూడా.

పదిహేడో రోజు పొద్దున ఫోను. బుగత రాత్రినుంచి లేవడంలేదు. ముక్కు ఎండిపోయింది. సెలైన్ ఎక్కిస్తున్నారు.

నేను ఫోను పెట్టేసి వసారాలోకి పరుగెత్తాను. బోరు నీళ్ళు పారబోసి, గిన్నె మూడుసార్లు కడిగి, మంజీరా నీళ్ళతో అంచుదాకా నింపాను. తొందరలో సగం నేలపాలు చేశాను. "తాగరా బుగతా," అని పైకే అన్నాను. యాదమ్మ వెనకనుంచి చూస్తోంది. మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళి నల్లా కట్టేసి వచ్చింది.

పద్దెనిమిదో రోజున గిన్నె పూర్తిగా ఖాళీ. ఆ సాయంత్రమే కబురు, లేచి నిలబడ్డాడని. ఆ తరవాత నేను ఏ పరీక్షా పెట్టలేదు. కొలిచి పొయ్యడం, కొలిచి చూసుకోవడం, అంతే.

అప్పటికి ఇల్లప్పగించడానికి మూడు రోజులుంది. బుగత బయటికి రావడానికి పన్నెండు రోజులుంది. ఇల్లు పడగొడితే వాడు నీళ్ళెక్కడ తాగుతాడు? ఈ ప్రశ్న నేను నిజంగా వేసుకున్నాను. నా టికెట్టు వాయిదా వేయించుకున్నాను. బిల్డరు మల్లేశాన్ని పిలిపించాను. ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ముప్పై ఒకటో రోజుదాకా ఆగమన్నాను.

"ఏందీ మేడం, మీరే గిట్లంటే ఎట్ల? తారీఖు ఇచ్చింది మీరే. శ్రావణం దాటితే భాద్రపదంల ముహూర్తాలు లేవు. పంతులుతోని సుత మాట్లాడిన. నేను మస్తు పరేషాన్ అయిత."

"తెలుసు బాబూ. తప్పు నాదే."

"కారణమన్న చెప్పున్రి."

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. నాకు అలవాటు లేదు. "మా కుక్క ఇక్కడ నీళ్ళు తాగుతోంది," అన్నాను.

"కుక్క ఫారిన్ పోయిందన్నరు గదా?"

"వెళ్ళింది. నీళ్ళు మాత్రం ఇక్కడ తాగుతోంది."

అతను నవ్వలేదు. నా డైరీ తీసి అంకెలు చూపించాను. వేలితో ఒక్కొక్క వరసా చదివాడు. తల గోక్కున్నాడు.

"మంది చెప్తే కొట్టిపారేద్దును. ఇంటి కొలతల కాడ నా మేస్త్రీనే రెండించులు తప్పు పట్టిన్రు మీరు. మీరే రాసిపెట్టినంక నేనేమనాలె? భూమిపూజ శ్రావణంలనే ఆ ఈశాన్యం మూలకు చేసుకుంట. ఇల్లు ముట్ట. ముప్పై ఒకటో దినం పొద్దుగాల తాళాలు ఇయ్యాలె, జెర యాదుంచుకోండ్రి."

పూజయింది. ఇరవై ఆరో రోజున అతని కూలీలు తెలియక ప్రహరీ పక్కన తవ్వుతూ నల్లా పైపు తెగ్గొట్టారు. మర్నాటికి నా దగ్గర మంజీరా నీళ్ళు ఒక్క చెంబుడే మిగిలాయి. సాయంత్రం మల్లేశం స్కూటరు మీద, కాళ్ళ మధ్య ఇరవై లీటర్ల క్యాను పెట్టుకుని వచ్చాడు.

"రెజిమెంటల్ బజార్ల మా అక్క ఇంట్లకెంచి తెచ్చిన. అస్లీ మంజీరా. మీ బుగ్గయ్యకు రుచి తేడా ఒస్తే నన్ను తిట్టొద్దు."

బుగ్గయ్య అనే పేరు యాదమ్మ చెప్పుంటుంది. మర్నాడు ఏడు వందల పది తగ్గాయి. రుచి తేడా రాలేదన్నమాట.

ముప్పయ్యో రోజు పొద్దున గిన్నె మామూలుగానే తగ్గింది. ఆ రోజే అక్కడి టైము తొమ్మిదింటికి బుగతని ఇంటికి పంపాలి. ఇంటి ఫోను కనెక్షను అప్పటికే సరెండర్ చేశాను కాబట్టి నాకు కబురు రాదు. గిన్నె మళ్ళీ లీటరు నింపి పడుకున్నాను.

ముప్పై ఒకటో రోజు పొద్దున ఆరింటికి గిన్నె నిండుగా ఉంది. మంజీరా నీళ్ళే. కొలిచాను. ఇరవై మిల్లీలీటర్లు తగ్గాయి. రెండోసారి కొలిచినా అంతే. నేల పొడిగా ఉంది.

ఆ అరగంట నేనెలా గడిపానో డైరీలో లేదు. నిండిన గిన్నెకి అర్థాలు రెండే. వాడు ఇంటికి చేరి అక్కడే నీళ్ళు తాగి ఉండాలి. లేకపోతే వాడింక ఎక్కడా తాగడు. పదిహేనో రోజునీ పదహారో రోజునీ నేను చేసిన పని గుర్తొచ్చి, డైరీ తీసి ఆ రెండు వరసలూ మళ్ళీ చదివాను.

మెయిన్ రోడ్డు మీద ఐఎస్‌డీ బూతు ఏడింటికి తెరుస్తారు. ఆరూ యాభైకే వెళ్ళి షట్టరు ముందు నిలబడ్డాను. అక్కడ ఇంకా అయిదూ ఇరవై, ఆయన నిద్ర లేచి ఉండరు. లేపుదామనుకున్నాను.

రెండో రింగుకే తీశారు. "పడుకోనిస్తేగా వీడు. నిన్న గేటు దాటి రావడమే ఆలస్యం, వరండాలో బకెట్టు చూసి మూతి పెట్టాడు. ఎత్తలేదే! సగం బకెట్టు. నేలంతా తడిపేశాడు. ఇక్కడి కుళాయి నీళ్ళే, ఏ పేచీ లేదు."

"ఎన్నింటికండీ?"

"పదిన్నరకనుకుంటా. ఎందుకే? ఏడుస్తున్నావా ఏమిటి?"

లేదన్నాను. అది అబద్ధమే.

ఇంటికొచ్చేసరికి మల్లేశం గేటు దగ్గరున్నాడు. నా మొహం చూసి ముందు తాళాలు అడగలేదు. "ఎట్లున్నడు?" అన్నాడు. బాగున్నాడని చెప్పి తాళాలు చేతిలో పెట్టాను. ఎనిమిదింటికి జేసీబీ వచ్చింది.

ఇక్కడికొచ్చి ఇప్పటికి ఆరేళ్ళు. బాగుంది. మా ఆయన పొద్దున్నే సముద్రం ఒడ్డున నడుస్తారు. బుగత ముసలివాడయ్యాడు, ఏ నీళ్ళు పోసినా తాగుతాడు. నేను వచ్చిన వారంలోనే పశువుల ఆసుపత్రికి వెళ్ళి వాడి చార్టు జిరాక్సు అడిగి తీసుకున్నాను. నీళ్ళ గడిలో ముప్పై రోజులూ సున్నాలే. సెలైన్ ఒక్క రోజే, పదిహేడో రోజున. రాత్రిళ్ళు వానచినుకులు నాకి ఉంటాడని అక్కడి డాక్టరమ్మ అంది. కావచ్చు. పైన రేకులున్నాయి, అయినా కావచ్చు.

అల్వాల్ ఇంట్లో మాత్రం, ఆవిరి తీసేసి, నేను చెడగొట్టిన ఆ రెండు రోజులూ, తొందరలో ఒలకబోసిన రోజూ తీసేసి, పదిహేను లీటర్ల పైచిలుకు నీళ్ళు తేడా. ఎన్నిసార్లు కూడినా అంతే వస్తోంది. ఆ నీళ్ళు ఎలా పోయాయో నేను చెప్పలేను. ఎవరు తాగారో మాత్రం నన్ను అడక్కండి, నాకు తెలిసినట్టే ఉంటుంది, రాసి సంతకం పెట్టమంటే పెట్టలేను.